పెర్ఫార్మెన్స్ కారు సర్వీసింగ్: షోరూమ్‌లోనా, బయటి గ్యారేజీలోనా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, బీఎండబ్ల్యూ ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ ఏ35, పోర్షే 718 వంటి పెర్ఫార్మెన్స్ కార్లు, అంటే వేగానికి ప్రత్యేకంగా తీర్చిన కార్లు కొన్నవారు, కొనబోతున్నవారు సర్వీసు ఖర్చు గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటికి ఇక్కడ మన దేశంలోని పరిస్థితులనూ పన్నులనూ దృష్టిలో పెట్టుకుని సమాధానాలు ఇచ్చాము. కారు జీవితంలోని దశలను బట్టి ప్రశ్నలను విడదీశాము కాబట్టి మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. "షోరూమ్" అన్నచోటల్లా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ అని, "బయటి గ్యారేజీ" అన్నచోట ఆ కంపెనీతో సంబంధం లేని స్వతంత్ర వర్క్‌షాప్ అని గ్రహించగలరు.

## కొనే ముందు

మామూలు ఆక్టావియాకూ ఆర్‌ఎస్‌కూ ఇంజిన్ కుటుంబం ఒకటే కదా, సర్వీసు ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

రొటీన్ సర్వీసులో తేడా మీరు భయపడేంత ఉండదు. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గుల వరకు రెండు కార్ల బిల్లులూ దగ్గరదగ్గరగానే వస్తాయి. తేడా అరిగిపోయే వస్తువుల దగ్గర మొదలవుతుంది. పెద్ద బ్రేక్ డిస్కులు, మెత్తటి రబ్బరుతో చేసిన వెడల్పాటి టైర్లు, ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), కొన్ని కార్లలో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కు (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే భాగం) వేరే ఆయిల్, ఇవన్నీ మామూలు మోడల్‌లో లేని ఖర్చులు. పైగా గోల్ఫ్ జీటీఐ వంటి కార్లు పూర్తిగా తయారై దిగుమతి అవుతాయి. అందువల్ల ఆ మోడల్‌కు మాత్రమే సరిపోయే బంపరో హెడ్‌ల్యాంపో కావాలంటే ధరతోపాటు నిరీక్షణ కూడా భరించవలసి వస్తుంది. కొనే ముందు సర్వీసు ధర ఒక్కటే అడిగి ఊరుకోకుండా, ముందు డిస్కులు, ప్యాడ్ల సెట్టు ధరనూ నాలుగు టైర్ల ధరనూ రాతపూర్వకంగా తీసుకోండి. కారును పోషించగలమో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.

కారుతోపాటే సర్వీస్ ప్యాకేజీ కొనమంటున్నారు. తీసుకోవాలా?

బీఎండబ్ల్యూ సర్వీస్ ఇన్‌క్లూజివ్, స్కోడా సూపర్‌కేర్ వంటి ప్యాకేజీలు రాబోయే సర్వీసుల ధరను ఈ రోజే ఖాయం చేస్తాయి. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరిగేవారికి ఇవి సాధారణంగా గిట్టుబాటవుతాయి. వారాంతాల్లో మాత్రమే కారు బయటికి తీసేవారు మాత్రం ప్యాకేజీలోని కాలపరిమితినీ కిలోమీటర్ల పరిమితినీ రెండింటినీ చూసుకోవాలి, ఎందుకంటే ఏది ముందు వస్తే దానితో ప్యాకేజీ ముగుస్తుంది. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, వైపర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ అందులో ఉన్నాయా లేదా అన్నది కూడా ముఖ్యమే. ఆయిల్ మార్పు ఒక్కటే ఉన్న ప్యాకేజీని డిస్కౌంట్ బదులు అంటగడితే డిస్కౌంటే అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నాను. సర్వీస్ హిస్టరీ మొత్తం షోరూమ్‌దే అయి ఉండాలా?

అక్కర్లేదు. మూడేళ్ల లోపు కారుకు షోరూమ్ హిస్టరీ లేకపోతే మాత్రం ఎందుకు లేదో గట్టిగా అడగాలి. ఆరేడేళ్ల కారు విషయంలో, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏ గ్రేడు ఆయిల్ పోశారో తెలిపే గ్యారేజీ బిల్లుల కట్ట, "ఫుల్ షోరూమ్ హిస్టరీ" అన్న నోటిమాట కంటే ఎంతో విలువైనది. యజమాని సమ్మతితో ఛాసిస్ నంబరు మీద షోరూమ్ రికార్డు తీయించి, ఓడోమీటర్ అంకెలు వరుసగా పెరుగుతూ వచ్చాయో లేదో సరిచూడండి. తరువాత ఆ బ్రాండు మీదే పనిచేసే గ్యారేజీలో లిఫ్టు ఎక్కించి చూపించండి. ఆ తనిఖీకి అమ్మే వ్యక్తి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపడం మంచిది.

## వారంటీ ఉన్నంత కాలం

ఒక్కసారి బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందా?

చట్టపరమైన స్థితి ఒకటి, కౌంటర్ దగ్గరి అనుభవం మరొకటి. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై ఉత్తర్వు ఇచ్చింది. వాటిలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కూడా ఉన్నాయి. విడిభాగాలనూ డయాగ్నస్టిక్ పరికరాలనూ బయటి గ్యారేజీలకు దొరకకుండా చేస్తున్నారని నిర్ధారించి, మొత్తం రూ. 2,544 కోట్ల జరిమానా విధించింది. బయట పని చేయించిన ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదని, బయటి పనిలోని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని కూడా అందులో ఉంది. ఆ తరువాత వ్యవహారం అప్పీళ్లలోకి వెళ్లింది.

అంతమాత్రాన ఆ ఉత్తర్వు కాపీ పట్టుకుని సర్వీస్ అడ్వైజర్ ముందు కూర్చుంటే టర్బో ఉచితంగా మార్చేస్తారని అనుకోకండి. ఇంజిన్ లోపల సమస్య వచ్చినప్పుడు వారు మొదట అడిగేది ఆయిల్ మార్పుల వరుసనే, అందులో ఒక్క ఖాళీ కనిపించినా వాదన మీ మీదికి మళ్లుతుంది. స్కోడా నాలుగేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, మెర్సిడెస్ మూడేళ్లు, బీఎండబ్ల్యూ రెండేళ్లు ప్రామాణిక వారంటీ ఇస్తూ వచ్చాయి. ఈ వ్యవధిలో షెడ్యూల్ సర్వీసులను షోరూమ్‌లో చేయించుకోవడమే లాభసాటి అని మా అభిప్రాయం. బయట మిగిలే కొన్ని వేల కోసం లక్షల విలువైన గేర్‌బాక్స్ క్లెయిమును వివాదంలో పెట్టడం సరికాదు. టైర్లు, అలైన్‌మెంట్, వాషింగ్, డెంటింగ్ వంటివి ఎక్కడైనా చేయించవచ్చు.

బీఎండబ్ల్యూ ఎం కారుకు 2,000 కిలోమీటర్ల రన్నింగ్-ఇన్ సర్వీసు తప్పనిసరా?

తప్పనిసరి. ఎం3, ఎం4 వంటి అసలైన ఎం కార్లలో ఆ దశలో ఇంజిన్ ఆయిల్‌తోపాటు వెనుక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుస్తారు. కొత్త గేర్లు ఒకదానితో ఒకటి ఒరిపిడి పట్టే కాలంలో రాలే లోహపు పొడి అందులో చేరుతుంది. సెకండ్ హ్యాండ్ ఎం కారు చూసేటప్పుడు మొదట వెతకవలసిన బిల్లు ఇదే.

అడ్వైజర్ ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ అని చేర్చేశారు. ఇవన్నీ అవసరమా?

ఓనర్స్ మాన్యువల్‌లోనో కంపెనీ సర్వీస్ షెడ్యూల్‌లోనో లేని ఏ పనికైనా మీరు కాదనవచ్చు, కాదన్నందుకు వారంటీకి ఏమీ కాదు. వీటిని "వాల్యూ యాడెడ్ సర్వీసులు" అంటారు. విలువ ఎవరికి చేరుతుందో ఆ పేరులో చెప్పలేదు. జాబ్ కార్డు మీద సంతకం చేసే ముందు "షెడ్యూల్‌లో ఉన్నవి మాత్రమే చేయండి, మిగతా వాటికి ఫోన్ చేసి అడగండి" అని దాని మీదే రాయించండి. షోరూమ్ బిల్లు అధికమని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటిని విప్పి చూస్తే, అసలు సర్వీసు ఖర్చు సబబుగానే ఉండి ఈ చేర్పులే బిల్లును పెంచి ఉంటాయి.

ఇంజిన్ శక్తి పెంచే సాఫ్ట్‌వేర్ మార్పు (స్టేజ్ 1 ట్యూన్) చేయించాను. సర్వీసుకు వెళ్లే ముందు కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ (స్టాక్ ఫైల్) తిరిగి వేస్తే తెలియదు కదా?

తెలియదన్న భరోసా లేదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో (స్కోడా కూడా ఇందులోదే) షోరూమ్ స్కానర్ ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ సర్వర్‌తో పోలుస్తుంది. తేడా కనిపిస్తే ఆ ఛాసిస్ నంబరుకు టీడీ1 అన్న గుర్తు పడుతుంది. అది పడ్డాక ఇంజిన్, గేర్‌బాక్స్ వంటి డ్రైవ్‌ట్రెయిన్ వారంటీ క్లెయిములు కష్టమవుతాయి. ఆ కారును ఏ ఊరి షోరూమ్‌కు తీసుకువెళ్లినా ఆ గుర్తు కనిపిస్తుంది. ట్యూన్ చేయించడం మీ ఇష్టం, అయితే ఆ రోజు నుంచి డ్రైవ్‌ట్రెయిన్‌కు వారంటీ లేదనుకుని రిపేరు డబ్బు పక్కన పెట్టుకోండి.

## వారంటీ అయిపోయాక

ముందు బ్రేకులకు షోరూమ్‌లో 87 వేలు అన్నారు, బయట 55 వేలకే చేస్తామన్నారు. అంత తేడా ఎక్కడ వస్తుంది?

చాలామంది లేబర్ చార్జీల్లో అనుకుంటారు. గుండ్రని అంకెలతో నమూనాగా ఒక లెక్క వేసి చూద్దాం. షోరూమ్ అంచనాలో డిస్కులు, ప్యాడ్లు, సెన్సార్ కలిపి రూ. 60,000, లేబర్ రూ. 12,000, క్లీనర్, గ్రీజు వంటి కన్స్యూమబుల్స్ రూ. 2,000 అనుకుందాం. మొత్తం 74,000, దానిపై 18 శాతం జీఎస్టీతో 87,320. బయటి గ్యారేజీ పార్టులకు 42,000, లేబర్‌కు 5,000 వేసింది. మొత్తం 47,000, జీఎస్టీతో 55,460. పన్నుకు ముందు తేడా 27,000. అందులో 18,000, అంటే మూడింట రెండు వంతులు, పార్టుల ధరలోనే ఉంది. లేబర్ తేడా 7,000 మాత్రమే.

కాబట్టి అడగవలసిన ప్రశ్న "మీ లేబర్ ఎంత?" అన్నది కాదు, "ఏ పార్టు వేస్తున్నారు?" అన్నది. కార్ల కంపెనీలు డిస్కులను, డ్యాంపర్లను, ఫిల్టర్లను చాలావరకు తామే తయారు చేయవు. బ్రెంబో, ఏటీఈ, టెక్స్‌టార్, బాష్, మాలే, మాన్, సాక్స్, లెంఫర్డర్ వంటి సంస్థల నుంచి తెప్పించి తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మే వస్తువును గ్యారేజీ వేస్తే మీకు మిగిలేది నిజమైన ఆదా. పేరు తెలియని డిస్కు వేసి 55 వేలు తీసుకుంటే ఆదా చేసుకున్నది గ్యారేజీ యజమాని. రెండు అంచనాల్లోనూ పార్టు నంబరు, తయారీదారు పేరు, సంఖ్య, లేబర్, పన్ను విడివిడిగా రాయించుకున్న తరువాతే పోల్చండి. మొత్తాలను మాత్రమే పోల్చి నిర్ణయించడం వల్ల ప్రయోజనం లేదు.

తేడాకు మరో కారణం కూడా ఉంది. ఒక సీలు కారుతుంటే షోరూమ్ పద్ధతి ప్రకారం మొత్తం అసెంబ్లీ మారుస్తారు, అనుభవం ఉన్న గ్యారేజీ సీలు మాత్రమే మారుస్తుంది. పాత కారుకు రెండో దారి సమంజసమే. అయితే ఆర్‌ఎస్, జీటీఐలలో ఉండే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఈఏ888 ఇంజిన్‌లో తరచు కారే వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ వంటి ప్లాస్టిక్ భాగాలకు జిగురు పూసి సరిపెట్టడం పొదుపు అనిపించుకోదు. వేడికి ప్లాస్టిక్ వంగిపోయాక ఏ జిగురూ నిలవదు, కూలెంట్ తగ్గిన సంగతి కొన్నిసార్లు ఇంజిన్ వేడెక్కిన తరువాతే బయటపడుతుంది.

నా కారు పని బయటి గ్యారేజీవారికి నిజంగా వచ్చో రాదో ఎలా కనిపెట్టాలి?

వెయిటింగ్ హాలు, కాఫీ యంత్రం, గోడ మీద స్టిక్కర్లు చూసి నిర్ణయించకండి. మూడు ప్రశ్నలు వేసి చూడండి.

మొదటిది, ఏ స్కానర్ వాడతారు? బీఎండబ్ల్యూకు ఇస్టా, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు ఓడిస్ లేదా వీసీడీఎస్, మెర్సిడెస్‌కు జెన్ట్రీ, పోర్షేకు పివిస్ అన్న పేర్లు తడుముకోకుండా రావాలి. అన్ని బ్రాండ్లకూ పనికొచ్చే స్కానర్లు ఫాల్ట్ కోడ్ చదవడానికి చాలు గాని, కోడింగ్‌కు (కారు కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడానికి) అన్నిసార్లూ చాలవు. పైగా ఎనిమిదో తరం గోల్ఫ్ వంటి కార్లలో ఎస్‌ఎఫ్‌డీ అనే తాళం ఉంటుంది. కంపెనీ సర్వర్ నుంచి టోకెన్ తీసుకోనిదే కొన్ని మార్పులు జరగవు.

రెండోది, బ్యాటరీ మార్చాక ఏం చేస్తారు? బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే కారు పాత, నీరసించిన బ్యాటరీకి తగ్గట్టుగానే చార్జింగ్ ఇస్తూ కొత్తదాన్ని త్వరగా చంపేస్తుంది. "బిగిస్తే సరిపోతుంది సార్" అన్న జవాబు వస్తే మరో గ్యారేజీ చూసుకోండి.

మూడోది, గేర్‌బాక్స్ ఆయిల్ లెవల్ ఎలా చూస్తారు? బీఎండబ్ల్యూలో ఉండే జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల బాక్సులో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఉష్ణోగ్రత 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఫిల్లర్ రంధ్రం నుంచి సన్నటి ధార బయటికి వచ్చే వరకు నింపాలి. ఉష్ణోగ్రతను స్కానర్‌లో చూస్తూ ఆ పని చేసే మెకానిక్ దొరికితే వదులుకోవద్దు.

గేర్‌బాక్స్ ఆయిల్ "లైఫ్‌టైమ్" అని షోరూమ్‌లో అంటున్నారు, బయట మార్చమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఈ విషయంలో గేర్‌బాక్స్ తయారు చేసినవారి మాట వినాలి. బీఎండబ్ల్యూ తన షెడ్యూల్‌లో ఆ ఆయిల్ మార్పును చేర్చకపోయినా, బాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆ బాక్సుకు ఫిల్టర్ ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ కూడా మార్చవలసిందే, బిల్లు పెద్దదిగా కనిపించడానికి కారణం అదే. 2017లో వచ్చిన ఆక్టావియా ఆర్‌ఎస్ 230లోని ఆరు గేర్ల డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఈ సందిగ్ధమే లేదు. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలని కంపెనీయే చెబుతుంది. కారు ఆ దూరం దాటినా ఆ బిల్లు లేకపోతే, అమ్మేవారితో ధర తగ్గించమనడానికి అదొక్కటే చాలు.

ఆయిల్ ఏదైనా 5డబ్ల్యూ-30 అయితే చాలు కదా?

చాలదు. అది చిక్కదనం మాత్రమే. కంపెనీ ఆమోదం వేరే విషయం. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు వీడబ్ల్యూ 502 00, 504 00, 508 00 అని, బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-01, 04 అని, మెర్సిడెస్‌కు ఎంబీ 229.5 అని, పోర్షేకు ఏ40, సీ30 అని విడివిడిగా ఆమోదాలు ఉన్నాయి. మీ మాన్యువల్‌లో ఉన్న కోడ్ డబ్బా వెనుక ముద్రించి ఉండాలి, బిల్లులోనూ రాయించాలి. ఎం340ఐలోని బి58 ఇంజిన్‌కు ఆరున్నర లీటర్లు పడుతుంది. షోరూమ్ పీపా నుంచి కొలిచి పోసి లీటర్ల చొప్పున వసూలు చేస్తుంది. బయట ఏడు లీటర్ డబ్బాలకు డబ్బు కట్టించుకుంటే మిగిలిన అర లీటరు మీదే, అడిగి డిక్కీలో పెట్టించుకోండి.

పార్టులు నేనే ఆన్‌లైన్‌లో తెప్పించి ఇస్తే ఇంకా చవక కదా?

పార్టు మీద కొంత మిగులుతుంది. కాని అది సరిపోకపోయినా, నకిలీదని తేలినా గ్యారేజీకి బాధ్యత ఉండదు, రెండోసారి విప్పి బిగించిన లేబర్ మీ మీదే పడుతుంది. ప్యాడ్లు, ఫిల్టర్ల వరకు పరవాలేదు. టర్బో, ఫ్యూయల్ పంపు, సెన్సార్ల విషయంలో గ్యారేజీ చేతనే తెప్పించి, దానికి హామీ కూడా వారి చేతనే రాయించుకోండి. పాత పార్టును తప్పక వెనక్కి అడగండి, మార్చామన్నది మార్చారో లేదో అక్కడే తేలిపోతుంది.

వారంటీ అయిపోయినా ఏ పనులు షోరూమ్‌లోనే చేయించుకోవాలి?

రీకాల్ పనులు, అంటే లోపం ఉన్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసేవి, మొదట చెప్పుకోవాలి. కారు ఎంత పాతదైనా ఛాసిస్ నంబరు రీకాల్‌లో ఉంటే ఆ పని ఉచితం. కొత్త తాళంచెవి, ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఎలక్ట్రానిక్ తాళం), ఎయిర్‌బ్యాగులు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ముందు అద్దం (విండ్‌షీల్డ్) మార్చాక కెమెరా క్యాలిబ్రేషన్ కూడా అక్కడే చేయించడం మేలు. పోర్షే అప్రూవ్డ్ వారంటీని కొనసాగించదలచినవారికి 111 అంశాల తనిఖీ ఉంటుంది, దానికి కారు హిస్టరీ కంపెనీ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి. అటువంటివారు షోరూమ్ వదలకపోవడమే మంచిది.

మా ఊళ్లో ఈ కంపెనీ షోరూమ్ లేదు. ఆటోనగర్‌లో చేయించవచ్చా?

పనిని బట్టి చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, రేడియేటర్ పని, అండర్‌బాడీ వెల్డింగ్, డెంటింగ్ చేసే చేతులకు పేరుంది. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌ల వంటివి సరైన పార్టు తెప్పించుకుని నమ్మకమైన మెకానిక్ దగ్గర చేయించుకోవచ్చు. డీఎస్‌జీ మెకట్రానిక్స్ (గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ నియంత్రణ భాగం), అడాప్టివ్ డ్యాంపర్లు, హై ప్రెషర్ ఫ్యూయల్ వ్యవస్థ జోలికి మాత్రం అక్కడ వెళ్లనివ్వకండి. ఏడాదికి ఒకసారి కారును హైదరాబాద్‌కో బెంగళూరుకో తీసుకువెళ్లి పెద్ద పనులు చేయించడానికి అయ్యే పెట్రోలు, బస ఖర్చును కూడా సర్వీసు ఖర్చులోనే కలిపి లెక్క వేసుకోండి.

ప్రమాదం జరిగితే బయటి గ్యారేజీలో ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తుందా?

వస్తుంది. ఆ గ్యారేజీ బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో లేకపోతే ముందు మీరు చెల్లించి తరువాత రీయింబర్స్‌మెంట్ తీసుకోవాలి. పని మొదలుపెట్టకముందే బీమా కంపెనీకి తెలిపి, సర్వేయర్ వచ్చి చూసేంత వరకు కారు విప్పనివ్వకూడదు.

## బిల్లు చేతికి వచ్చాక

బిల్లు వద్దంటే 18 శాతం తగ్గిస్తామన్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22కు ముందు చాలా విడిభాగాలపై 28 శాతం జీఎస్టీ ఉండేది, ఇప్పుడు అది 18 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లు ఎగ్గొట్టి మిగుల్చుకునేది కూడా ముందున్నంత లేదు. బిల్లు లేకపోతే ఆ పని జరిగినట్టు ఆధారమే ఉండదు. నెల తరువాత అదే చోట శబ్దం వస్తే మీరు ఎవరినీ నిలదీయలేరు. అమ్మేటప్పుడు చూపడానికీ ఏమీ ఉండదు.

రిపేరు తరువాత అదే సమస్య మళ్లీ వచ్చింది. ఎవరూ బాధ్యత తీసుకోవడం లేదు.

ముందు జాబ్ కార్డు, బిల్లు, ఫాల్ట్ కోడ్ల ప్రింటు సేకరించి, సమస్యను ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలపండి. ఈ మధ్యలో మరో చోట విప్పించారంటే మీ వాదన బలహీనపడుతుంది. షోరూమ్ అయితే కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ పెట్టండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. గ్యారేజీ మీద కూడా ఇదే దారి వర్తిస్తుంది.

## అమ్మేటప్పుడు

బయట చేయించిన కారుకు రీసేల్ పడిపోతుందా?

డీలర్‌కు అమ్మితే కొంత తగ్గించే ప్రయత్నం చేస్తారు, ఎందుకంటే వారికి సర్వీస్ హిస్టరీ అంటే కంపెనీ రికార్డులో కనిపించేదే. ఇటీవలి బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, పోర్షే కార్లలో సర్వీస్ పుస్తకం డిజిటల్ రూపంలో ఉంటుంది, బయటి గ్యారేజీలు చాలావరకు అందులో నమోదు చేయలేవు. ఈ కార్లంటే ఇష్టపడి వెతుక్కుంటూ వచ్చే వ్యక్తికి నేరుగా అమ్మితే పరిస్థితి వేరు. ఎం340ఐ వంటి బి58 ఇంజిన్ కారుకు 90,000 కిలోమీటర్ల వద్ద గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన బిల్లులు, వేసిన పార్టుల డబ్బాల ఫొటోలు ఒక ఫైలులో పెట్టి చూపిస్తే అటువంటి కొనుగోలుదారు ఎక్కడ చేయించారని రెండోసారి అడగడు.